‘యాంగ్రీ విత్’, ‘యాంగ్రీ ఎట్’: ఒక జాబితా పుట్టుపూర్వోత్తరాలు

మన స్కూళ్లలో కొన్ని తరాలు చదివిన ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల్లో ఒక జాబితా తప్పకుండా కనిపిస్తుంది. ఒక విశేషణం, దాని వెంట రావలసిన ప్రిపోజిషన్: అఫ్రెయిడ్ ఆఫ్, గుడ్ ఎట్, మ్యారీడ్ టు, యాంగ్రీ విత్, డిపెండెంట్ ఆన్, ఇండిపెండెంట్ ఆఫ్, సుపీరియర్ టు, డిఫరెంట్ ఫ్రమ్. ఎందుకలా అని అడిగితే పుస్తకంలో జవాబు దొరకదు. పాఠం చెప్పేవారు కూడా ‘అదంతే, గుర్తుపెట్టుకోండి’ అని ముందుకు సాగుతారు. స్కూలు పరీక్షల నుంచి ఉద్యోగ పరీక్షల దాకా ఖాళీలు పూరించే ప్రశ్నలకు ఈ జాబితాయే ఆధారం. అందుకని చాలామందికి ఇది ఇంగ్లీషు భాషతోపాటే పుట్టిన శాసనం అనిపిస్తుంది. చరిత్రలోకి వెళ్తే సంగతి వేరుగా ఉంది. ఈ జంటల్లో కొన్ని వెయ్యేళ్ల కిందటి విభక్తుల అవశేషాలు, కొన్ని ఫ్రెంచి వెంట వచ్చినవి, కొన్ని ఏ కారణమూ చెప్పలేని విధంగా జనం నోట స్థిరపడ్డవి. వీటన్నిటినీ ఒకచోట చేర్చి ఒప్పూ తప్పూ అని గీత గీసినవాళ్లు 1750 తర్వాతి నిఘంటుకారులు, వ్యాకరణకర్తలు. ఆ గీతను గట్టిపరచినవి వాళ్ల తర్వాత వచ్చిన పరీక్షలు. ఈ జాబితా ఎలా తయారైందో తెలిస్తే, అందులో దేన్ని గౌరవించాలో, దేన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదో తేల్చుకోవచ్చని నా నమ్మకం.

నార్మన్లు 1066లో ఇంగ్లండును గెలవకముందు అక్కడివాళ్లు మాట్లాడిన పాత ఇంగ్లీషు తెలుగువాళ్లకు అంత పరాయిగా అనిపించదు. నామవాచకం చివర ప్రత్యయం చేరి, అది వాక్యంలో ఏ పని చేస్తోందో చెప్పేది. విశేషణాలు కూడా తమకు కావలసిన విభక్తిని ఎంచుకునేవి. ‘నిండిన’ అనే అర్థంలోని ‘ఫుల్’ వెంట షష్ఠి వచ్చేది. ‘పోలిన’ అనే అర్థంలో ఇప్పటి ‘లైక్’కు పూర్వరూపమైన మాట చతుర్థిని కోరేది. ఆ రోజుల్లో ఏ ప్రిపోజిషన్ వాడాలన్న ప్రశ్న ఈ మాటల దగ్గర పుట్టనేలేదు. పని అంతా ప్రత్యయమే చేసేది. తర్వాత రెండు మూడు వందల ఏళ్లలో ఆ ప్రత్యయాలు అరిగిపోయాయి. ఊనిక లేని చివరి అచ్చులు బలహీనపడటం, ఉత్తర ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియన్లతో కలిసి బతకడంలో మాటల చివర్లు గజిబిజి కావడం ఇందుకు కారణాలని ఎక్కువమంది పండితులు చెబుతారు. కవి చాసర్ కాలానికి, అంటే పద్నాలుగో శతాబ్ది చివరికి, పాత విభక్తుల్లో మిగిలింది బహు కొద్ది. పోయిన ప్రత్యయాల పనిని అంతకుముందు నుంచీ ఉన్న ప్రిపోజిషన్లు పంచుకున్నాయి. షష్ఠి చోటును ఎక్కువగా ‘ఆఫ్’, చతుర్థి చోటును ఎక్కువగా ‘టు’ తీసుకున్నాయి. ‘ఫుల్ ఆఫ్’ అలా పుట్టింది. కానీ ఆ పంపకం పూర్తికాలేదు. ‘లైక్’, ‘నియర్’, ‘వర్త్’ ఈనాటికీ ఏ ప్రిపోజిషన్ సాయమూ లేకుండా నేరుగా నామవాచకాన్ని పట్టుకుంటాయి. ప్రత్యయం రాలిపోయాక దాని చోటులోకి ఇంకేదీ రాకుండానే నడిచిపోయిన మాటలవి. ‘ఇన్ని విశేషణాలకు ప్రిపోజిషన్ కావలసివచ్చినప్పుడు వర్త్‌కు ఎందుకు అక్కర్లేదు’ అని అడిగే పిల్లవాడి ప్రశ్న చాలా తెలివైన ప్రశ్న. దానికి జవాబు వ్యాకరణ సూత్రంలో దొరకదు, ఈ కథలో దొరుకుతుంది.

‘అఫ్రెయిడ్ ఆఫ్’ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ‘అఫ్రెయిడ్’ మొదట విశేషణం కాదు. ఫ్రెంచి నుంచి వచ్చిన ఒక క్రియకు అది భూతకాలిక రూపం. ‘భయపెట్టబడిన’ అని దాని అర్థం. ఆ కాలపు ఇంగ్లీషులో కర్మణి వాక్యంలో పని చేసినవాణ్ణి సూచించడానికి ‘ఆఫ్’ విరివిగా వాడేవారు. ఈనాడు ‘బై’ అనే చోట 1611 నాటి బైబిలు అనువాదంలో పలుమార్లు ‘ఆఫ్’ కనిపిస్తుంది. పాము చేత భయపెట్టబడినవాడు ‘అఫ్రెయిడ్ ఆఫ్’ పాము అయ్యాడన్నమాట. కాలక్రమంలో కర్తను చూపే పని మొత్తం ‘బై’కి వెళ్లిపోయింది, క్రియ మరుగున పడింది, ‘అఫ్రెయిడ్’ ఒంటరి విశేషణంగా మిగిలింది. పాత ‘ఆఫ్’ మాత్రం దాన్ని వదలలేదు. ఇక ‘సుపీరియర్’, ‘ఇన్‌ఫీరియర్’, ‘సీనియర్’ వంటి మాటల తర్వాత ‘టు’ రావాలనే నియమానికి అవి లాటిన్ తరతమ రూపాలు కావడమే కారణమని పాఠాల్లో చెబుతారు. అవి లాటిన్ రూపాలే. కానీ లాటిన్‌లో అలాంటి పోలికకు పంచమీ విభక్తినో, ‘కంటే’కు సమానమైన ‘క్వామ్’ అనే మాటనో వాడేవారు. అంటే ‘సీనియర్ దేన్’ అనే మన విద్యార్థి లాటిన్‌కు కొంత దగ్గరగానే ఉన్నాడు! ‘టు’తో సరిగ్గా పోలేది ఫ్రెంచివాళ్లు ‘సుపీరియర్’ తర్వాత వాడే ‘ఆ’. విద్యార్థి చెప్పింది ఇంగ్లీషు వాడుక ప్రకారం తప్పే, అందులో సందేహం లేదు. అయితే దానికి కారణంగా లాటిన్‌ను సాక్ష్యానికి పిలిస్తే ఆ సాక్షి మన పక్షాన మాట్లాడడు.

పదిహేడో శతాబ్దిలో ఈ అలవాట్లను ఒక కొలతకు తేవాలనే తపన మొదలైంది. కవి జాన్ డ్రైడెన్ తన ఇంగ్లీషు వాక్యం సరైందో కాదో తేల్చుకోవడానికి దాన్ని లాటిన్‌లోకి మార్చి చూసుకునేవాణ్ణని 1679లో తానే రాసుకున్నాడు. వాక్యం చివర ప్రిపోజిషన్ మిగలకూడదని 1672లో నాటకకర్త బెన్ జాన్సన్ మీద తప్పుపట్టి, 1668లో అచ్చయిన తన సొంత వ్యాసాన్ని 1684 ముద్రణలో ఆ మేరకు దిద్దుకున్నాడు. జొనాథన్ స్విఫ్ట్ 1712లో భాషను స్థిరపరచడానికి ఒక సంస్థ కావాలని ప్రతిపాదించాడు. ఫ్రాన్సులో అలాంటి అకాడమీ 1635 నుంచే ఉంది. ఇంగ్లండులో మాత్రం అది ఏర్పడలేదు. ఆ ఖాళీని నింపిన మనిషి శామ్యూల్ జాన్సన్. 1755లో వెలువడిన ఆయన నిఘంటువులో విశేషణాల దగ్గర ఆగి ఆయన రాసిన చిన్న చిన్న వ్యాఖ్యలను దగ్గరగా చూడాలి, ఎందుకంటే మన జాబితా పుట్టిల్లు అక్కడే. ‘యాంగ్రీ’ దగ్గర ఆయన చెప్పిన సారాంశం ఇది: కోపం వస్తువు మీదైతే ‘ఎట్’, మనిషి మీదైతే ‘విత్’ రావడం సమంజసంగా తోస్తుంది, అయితే ఇది అన్నివేళలా పాటింపులో లేదు. ‘ఇండిపెండెంట్’ దగ్గర ఆన్, ఆఫ్, ఫ్రమ్ మూడూ వాడుకలో ఉన్నాయని నమోదు చేసి, ‘డిపెండ్ ఆన్’ అంటున్నాం కాబట్టి ‘ఇండిపెండెంట్ ఆన్’ అనడమే ఎక్కువ సరైనదన్నాడు. ‘ఎవర్స్’ దగ్గర ‘ఫ్రమ్’ సరైనదనీ, ‘టు’ తరచుగా వస్తున్నా అది సరికాదనీ తీర్పు చెప్పాడు.

ఈ మూడు తీర్పులకూ ఏమైందో చూడండి. తర్కం నూటికి నూరుపాళ్లు ఆయన పక్షాన ఉన్నది ‘ఇండిపెండెంట్’ విషయంలో. జనం దాన్ని పట్టించుకోలేదు. ‘ఇండిపెండెంట్ ఆఫ్’ గెలిచింది, ఈనాడు ‘ఇండిపెండెంట్ ఆన్’ అని రాస్తే ఏ పరీక్షలోనైనా మార్కు పోతుంది. ‘ఎవర్స్’కు లాటిన్ మూలంలో ‘పక్కకు తిరిగిపోయిన’ అని అర్థం కాబట్టి దూరాన్ని చెప్పే ‘ఫ్రమ్’ కావాలన్నది ఆ తీర్పును సమర్థించే వాదన. అక్కడా ‘టు’ గెలిచింది. ఇక ‘యాంగ్రీ’ విషయంలో ఆయన మాట నిలిచింది కానీ సగమే నిలిచింది. వస్తువుకు ఎట్, మనిషికి విత్ అన్న విభజన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ‘ఇది అన్నివేళలా పాటింపులో లేదు’ అన్న రెండో సగం మాత్రం దారిలో జారిపోయింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు దొరకలేదు. మొదట గమనించినవాడు సందేహంతో రాశాడు. తర్వాత ఎత్తి రాసుకున్నవాళ్లకు ఆ సందేహం అక్కర్లేకపోయింది.

సందేహం ఎందుకు జారిపోయిందో కూడా చెప్పుకోవాలి. పద్దెనిమిదో శతాబ్ది రెండో సగంలో వ్యాపారంతో, చేతివృత్తులతో పైకొచ్చిన కుటుంబాలు తమ పిల్లలు పెద్దమనుషుల్లా మాట్లాడాలని, రాయాలని కోరుకున్నాయి. వాళ్లకు కావలసింది చర్చ కాదు, నిర్ణయం. రాబర్ట్ లౌత్ 1762లో రాసిన చిన్న వ్యాకరణం పేరుపొందిన రచయితల వాక్యాలనే పట్టుకుని, ఇక్కడ ఈ ప్రిపోజిషన్ సరికాదు, అక్కడ ఆ ప్రిపోజిషన్ సరికాదు అని పాదసూచికల్లో చూపించింది. దాదాపు అప్పుడే, 1761లో, జోసెఫ్ ప్రీస్ట్లీ కూడా ఒక వ్యాకరణం రాశాడు. తర్వాత ఆక్సిజన్ పరిశోధనతో ప్రసిద్ధికెక్కిన ప్రీస్ట్లీ ఈయనే. భాషకు వాడుకే ప్రమాణమనీ, పోటీపడే రూపాల్లో ఏది నిలవాలో కాలం తేలుస్తుందనీ ఆయన వైఖరి. లౌత్ దారికి దక్కిన ఆదరణ ప్రీస్ట్లీ దారికి దక్కలేదు. 1795లో లిండ్లీ మరే లౌత్ మీదా, ఇతరుల మీదా ఆధారపడి యార్క్ నగరంలోని ఒక ఆడపిల్లల బడి కోసం వ్యాకరణం కూర్చాడు. అమెరికాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఈయన పుస్తకాలు అట్లాంటిక్‌కు రెండువైపులా విపరీతంగా అమ్ముడుపోయాయి. 1797లో ఆయనే అభ్యాసాల పుస్తకం తెచ్చాడు. తప్పు వాక్యాలు ఇచ్చి పిల్లల చేత దిద్దించే పద్ధతికి ఆయన పుస్తకం ఇచ్చిన ప్రచారం అంతా ఇంతా కాదు. అభ్యాసానికి ఒకే జవాబు ఉండాలి. రెండు జవాబులున్న ప్రశ్న అభ్యాసం కింద పనికిరాదు. జాన్సన్ సందేహం అక్కడ కాలుపెట్టడానికి చోటు లేదు.

ఆ పద్ధతి ఓడెక్కి మన దగ్గరికి వచ్చేసరికి మరింత బిగుసుకుంది. 1835లో మెకాలే మినిట్, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు, వాటితోపాటు మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చాయి. తెలుగు జిల్లాల పిల్లలు మద్రాసు పరీక్షకు కూర్చున్నారు. హైదరాబాదులో ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైనా, అక్కడా ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశమే. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల మధ్య పెరగని లక్షల మందికి భాష పరిచయమైంది పుస్తకం ద్వారానే. ఉత్తరాదిన విద్యాశాఖలో పనిచేసిన జె.సి. నెస్ఫీల్డ్ వ్యాకరణాలు 1890ల నుంచి దేశమంతటా నడిచాయి. 1930ల్లో రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం వచ్చింది. ఆ పి.సి. రెన్ బొంబాయి ప్రెసిడెన్సీ విద్యాశాఖలో పనిచేసినవాడు, 1924లో ‘బో జెస్ట్’ అనే ప్రసిద్ధ నవల రాసినవాడు. తర్వాత ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించిన రూపంలో ఆ పుస్తకం ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. ప్రిపోజిషన్లను కోరే మాటల జాబితా అందులో అకారాదిగా పేజీలకు పేజీలు సాగుతుంది. ఆ జాబితాను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఇంగ్లీషు వినే అవకాశం లేని ఊళ్లో చదువుకున్నవాడికి అదొక్కటే ఆసరా. పైగా మన తప్పులకు మన భాషే కారణమన్న సంగతి నిజం. ‘లెక్కల్లో దిట్ట’ అనే నోరు ‘గుడ్ ఇన్ మ్యాథ్స్’ అంటుంది. ‘అతనితో పెళ్లయింది’ అనే నోరు ‘మ్యారీడ్ విత్’ అంటుంది. ‘నాకంటే సీనియర్’ అనే నోరు ‘సీనియర్ దేన్ మీ’ అంటుంది. వీటిని దిద్దడానికి జాబితా పనికొచ్చింది. ఇబ్బంది వచ్చింది మరోచోట: ఇంగ్లీషు మాట్లాడేవాళ్లంతా ఏకాభిప్రాయంతో వాడే జంటలనూ, వాళ్లలో వాళ్లకే భేదమున్న జంటలనూ జాబితా ఒకే వరసలో నిలబెట్టింది.

‘డిఫరెంట్’ను తీసుకోండి. ‘ఫ్రమ్’ ఒక్కటే సరైనదని మనం నేర్చుకున్నాం. దానికి ఒక తర్కమూ ఉంది: ‘డిఫర్ ఫ్రమ్’ అంటున్నాం, మాట మొదట్లోని ‘డి’ విడిపోవడాన్ని సూచిస్తుంది, కాబట్టి విశేషణానికీ ‘ఫ్రమ్’ ఉండాలి. ఈ వాదన చేసేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. భాషకు ఒక పొందిక ఉండాలనే కోరిక మంచి కోరికే. కానీ సాక్ష్యం వాళ్లకు ఎదురు తిరుగుతుంది. ‘డిఫరెంట్ టు’ 1526 నాటికే రాతలో ఉంది. అమెరికావాళ్ల అలవాటుగా మనం అనుకునే ‘డిఫరెంట్ దేన్’ 1644 నాటి ఇంగ్లండులోనే దొరుకుతోంది. అదే ధాతువు నుంచి వచ్చిన ‘ఇన్‌డిఫరెంట్’కు ‘టు’ వస్తే ఎవరూ కాదనరు. ‘అకార్డ్ విత్’ అంటూనే ‘అకార్డింగ్ టు’ అంటాం. క్రియకు ఏది వస్తే విశేషణానికి అదే రావాలన్న సూత్రం ఇంగ్లీషు ఎన్నడూ ఒప్పుకోలేదు. హెచ్.డబ్ల్యు. ఫౌలర్ 1926లో తన వాడుక నిఘంటువులో ‘డిఫరెంట్’కు ‘ఫ్రమ్’ తప్ప మరోటి రాకూడదనడం మూఢనమ్మకమన్నాడు. ‘ఎవర్స్ ఫ్రమ్’ కోసం పట్టుబట్టడం అరకొర చదువు తెచ్చిపెట్టే పాండిత్య ప్రదర్శన అన్న అర్థంలో రాశాడు. వాడుక విషయాల్లో పట్టుదలకు పేరుపడ్డ ఫౌలరే ఈ మాట అన్నాడంటే, జాబితాను ఇంగ్లండు ఎప్పుడో సడలించుకుందన్నమాట. మన పుస్తకాలు మాత్రం ఆ సడలింపును అందుకోలేదు.

అయితే ఎవరికి తోచింది వాళ్లు అనొచ్చా అన్న ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. కారణం లేని అలవాటు కదా అని దాన్ని విడిచిపెట్టే హక్కు రాదు. మన భాషలోనే చూద్దాం. తెలుగులో కోపం ఒకరి మీద వస్తుంది, భయం పామంటే ఉంటుంది, లేదా పాముకు భయపడతాం. ‘పాము మీద భయం’ అంటే విన్నవాళ్లు ఒక క్షణం ఆగుతారు. ఎందుకు ఆగుతారో ఏ తర్కమూ చెప్పలేదు. అయినా ఆగుతారు, ఆ ఆగడమే నియమానికి రుజువు. ఇక వ్యాకరణం వైపు చూస్తే, భయానికి కారణమైనది అపాదానమని, దానికి పంచమి వస్తుందని పాణిని చెప్పాడు. చిన్నయసూరి బాలవ్యాకరణం కారక పరిచ్ఛేదంలో అదే బాటన భయహేతువుకు ‘వలన’ విధించింది. ‘పాము వలన భయపడెను’ అనే వాక్యం గ్రాంథికంలో చక్కగా ఉంటుంది, ఇంట్లో ఎవరూ అనరు. సంస్కృతంలోని ఏడు విభక్తుల చట్రాన్ని తెలుగుకు తొడిగినప్పుడు చతుర్థి కింద ‘కొఱకు’, ‘కై’ చేరాయి. నాకు, నీకు అంటూ రోజుకు వెయ్యిసార్లు వాడే ‘కు’ షష్ఠి కిందకు పోయింది. ఇంగ్లీషుకు లాటిన్ చట్రం తొడిగినవాళ్ల కథ మనకు ఇంతగా అర్థమయ్యేది అందుకే. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరాడినప్పుడు నియమాలే వద్దనలేదు. శిష్టులు నిజంగా మాట్లాడే భాషలో ఉన్న నియమాలను చూడమన్నారు. ‘అఫ్రెయిడ్ ఆఫ్’కు బదులు ‘అఫ్రెయిడ్ ఫ్రమ్’ అంటే తప్పే. అది తప్పయింది ఆ భాషవాళ్లెవరూ అలా అనకపోవడం వల్ల. తప్పుకు అంతకంటే పెద్ద కారణం కావాలని వెతకడంలోనే పొరపాటు ఉంది.

విద్యార్థికి ఒకే జవాబు చెప్పకపోతే అయోమయంలో పడతాడని మరో అభ్యంతరం. దీనికి జవాబు ఇరవయ్యో శతాబ్దిలో, ఇంగ్లండుకు బయట, ఇంగ్లీషు మాతృభాష కాని దేశంలోనే దొరికింది. 1922లో జపాన్ విద్యాశాఖ సలహాదారుగా వెళ్లిన హెరాల్డ్ పామర్ మరుసటి సంవత్సరం టోక్యోలో ఇంగ్లీషు బోధన పరిశోధన సంస్థను స్థాపించాడు. ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో ఓపిగ్గా పోగుచేసి, 1933లో ఆ పదబంధాల మీద ఒక పెద్ద నివేదిక తెచ్చాడు. అక్కడే పనిచేసిన ఎ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని మళ్లీ వేసింది. మన విద్యార్థులు వాడే ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ మూలం అదే. మాటను దాని సహవాసాన్ని బట్టి తెలుసుకోవాలని 1957లో రాసిన భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ అంతకుముందు లాహోరులో అధ్యాపకుడు, 1930ల చివర మన దేశానికి వచ్చి గుజరాతీ, తెలుగు భాషల మీద పరిశోధన చేసినవాడు. ఆ ఆలోచన ధోరణిలోనే జాన్ సింక్లెయిర్ బర్మింగ్‌హామ్‌లో కంప్యూటర్లో పోగుచేసిన నిజమైన వాక్యాల ఆధారంగా 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చాడు. 1994 నాటికి పది కోట్ల మాటల బ్రిటిష్ నేషనల్ కార్పస్ సిద్ధమైంది. ఈ నిఘంటువుల్లో ‘డిఫరెంట్’ తెరిస్తే మూడు ప్రిపోజిషన్లూ కనిపిస్తాయి. ఏది ఎక్కడ ఎక్కువో, ఏది బ్రిటిష్ వాడుకో, ఏది అమెరికన్ వాడుకో పక్కనే ఉంటుంది. ‘బోర్డ్ విత్’ పక్కన ఇప్పుడు ‘బోర్డ్ ఆఫ్’ చేరుతోంది. ‘టైర్డ్ ఆఫ్’ను చూసి కుర్రకారు అలవాటు చేసుకున్న రూపమది. ఇది రాయడానికి ఇంకా తగదని, మాటల్లో మాత్రం సాధారణమని విద్యార్థికి చెప్పొచ్చు. రెండు వాక్యాల్లో చెప్పగలిగిన ఈ విషయంతో అయోమయపడే పిల్లలు ఉండరు. తెలుగులో ‘వచ్చినాడు’, ‘వచ్చాడు’, ‘వచ్చిండు’ మూడూ విని పెరిగిన పిల్లలు వాళ్లు.

కనుక ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి ఒక విన్నపం. అఫ్రెయిడ్ ఆఫ్, గుడ్ ఎట్, మ్యారీడ్ టు, డిపెండెంట్ ఆన్ వంటివి తప్పకుండా అడగండి. వాటిలో ఎవరికీ భేదం లేదు, అవి రాకపోతే విద్యార్థికే నష్టం. యాంగ్రీ, డిఫరెంట్ వంటివి ఖాళీలు పూరించమని ఇచ్చేముందు ఒకసారి ఏదైనా మంచి లెర్నర్స్ డిక్షనరీ తెరిచి చూడండి. అందులో రెండు రూపాలు కనిపిస్తే ఆ ప్రశ్న తీసేయండి, లేదా రెండింటికీ మార్కు ఇవ్వండి.